కొండపల్లి అడవియు మెట్టరైతులును



జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల మెట్టరైతులకు అడవి యనగానే స్ఫురించునవి పశువుల మేత, నాగలికి కఱ్ఱ, పొయ్యికి కట్టె. కృష్ణకు ఆవలి యొడ్డున పల్నాటిలో పుల్లరి కట్ట నిరాకరించిన కన్నెగంటి హనుమంతు 1922లో కాల్పులకు బలి యయ్యెను. కావున అడవిలో కొంతభాగమును ఎవ్వరును ముట్టరాదన్నచో రైతునకు శంక పుట్టుట సహజము.

అయినను నందిగామకు ఆగ్నేయముననున్న కొండపల్లి రిజర్వు అడవిని చూడవలయును. బొమ్మలకు పేరుపొందిన తెల్లపొణికి ఈ కొండలలో పెరుగును. దాని కఱ్ఱ తేలిక, మెత్తన. బొమ్మలవారు దానిని చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతుకుదురు. నేడు ఆ కఱ్ఱకు కొఱత యేర్పడినది. ఆ విత్తు పెంకు మిక్కిలి గట్టిది, మొలక అరుదు. మొలచిన దానిని మేక కొఱికినచో నఱికిన చెట్టుకు వారసత్వము లేదు.

"చెట్లు నాటినచో చాలదా?" యని కొందఱందురు. నందిగామ, కంచికచర్ల చేలలో సుబాబుల్, జామాయిలు తోటలు విస్తారముగా గలవు. అవి రైతునకు పంటలే గాని అడవి కావు. కొలది యేండ్లకే మిల్లునకు పోవును. ముదురు అడవిలో చెట్టుతొఱ్ఱ గుడ్లగూబకు ఇల్లు; ఆ గుడ్లగూబ చేలలోని యెలుకలను తినును. రాలిన యాకు వాననీటిని పీల్చి నేలలోని కింకించును. బోడికొండపై పడిన వాన మట్టితో సహా దిగి చెరువులను పూడ్చును. 2024 సెప్టెంబరులో మునియేరు, బుడమేరు పొంగిన రీతి అందఱెఱుగుదురు. అంతటి వానను అడవి యొక్కటే యాపజాలదు. కాని అడవి పోయినచో కీడు హెచ్చును.

నల్లమలలోని నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల రక్షణ ప్రదేశమున నడిమి భాగము ప్రత్యేక రక్షణకై విడువబడినది. కొండపల్లి అడవి లోభాగమునకును అట్టి విడుపు యుక్తము. అందులకు రైతులు చేయదగినవి యివి:

1. వంటచెఱకు, పచ్చిమేత గట్లపైనే పెంచవలయును. వీలైనచోట పొణికి నాటి బొమ్మలవారికి అమ్మవచ్చును.

2. మేకలను లోయడవికి తోలరాదు.

3. వేసవిలో అడవియంచున చెత్తకు నిప్పు పెట్టరాదు.

4. హద్దురాయి కదలినచో అటవీశాఖవారికి తెలుపవలయును.

తోట నఱికిన రైతు మరల నాటుకొనగలడు. ముదురు అడవిని నఱికినవాడు తన జీవితకాలమున దానిని మరల చూడజాలడు.