కాలిబంతి యాట - ఛాయాచిత్రము



విశాఖపట్టణమున ఉక్కు కర్మాగారపు ఉద్యోగులు నివసించు ఉక్కునగరమున బాలురు కాలిబంతి యాడుచుండగా పటములు తీయుట నాకు వాడుక. నా చేత నున్నది అద్దము లేని కెమేరా. పూర్వపు కెమేరాలలో దృశ్యమును కంటికి చేర్చుట కొక అద్దముండెడిది. మీట నొక్కినంతనే అది టక్కున పైకి లేచెడిది. కటకములు మార్చదగిన యీ క్రొత్తరకము 2008లో తొలుత వచ్చినది. ఇందు వెలుతురు నేరుగా సెన్సారను పలకపై బడును. చప్పుడు లేకుండ పటము తీయవచ్చును గనుక బాలురు నన్ను మరచి యాడుదురు. ఎదుట నున్న మొగమును యంత్రమే గుర్తించి వెంబడించును.

సెకండుకు 20 మీటర్లు పోవు బంతి, సెకండులో 1000వ వంతున 2 సెంటీమీటర్లే కదలును. కావున నే నా వేగమునే యమర్చుకొని, పడమటి యెండను వీపున నిడుకొని, బాలుర మొగముల యెత్తునకు మోకాలిపై కూర్చుందును.

ఒకనాడు ఆట ముగిసినపిదప కొలిమికడ పనిచేయు నొక పెద్దమనిషి వచ్చి, "బాబూ, మావాని పటమేదీ?" యని యడిగెను. ఆయన కుమారుడు గోలు కాచువాడు. తీసిన పటములన్నియు వెదకితిని. ఒక్కదానిలోనైన ఆ బాలుడు లేడు. తప్పు యంత్రముది గాదు. నే నటు చూడనేలేదు. ఆయన "పోనీలెండి" యని కుమారుని చేయి పట్టుకొని వెడలిపోయెను.

నాటినుండి ప్రతి జట్టులోను పదునొకండుగురను ఒక్కొక్కమారు తీసినపిదపనే బంతి వెంట పోవుచున్నాను. మీ యూరి బడి యాటలకు కెమేరా వచ్చిననాడు, గోలుకడ నొంటిగ నిలిచిన బిడ్డను మరువవలదని దానిని పట్టినవానికి చెప్పుడు.