'నీకు తెలీదులే' అనే ముందు

పట్టాలందుకున్న పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు అభినందనలు.

2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారినప్పుడు నేనూ ఇటే వచ్చాను. ఉద్యోగమంతా విమానాల మధ్యే గడిచింది. రోజూ చూసిన ఒక సంగతి చెబుతాను. విమానాన్ని వెనక్కి నెట్టడం పూర్తయ్యాక, హెడ్‌సెట్ పెట్టుకున్న గ్రౌండ్ కుర్రాడు ముందు చక్రం దగ్గరి పిన్ను తీసి, ఎర్ర పట్టీతో సహా పైకెత్తి చూపిస్తాడు. వేల గంటలు ఎగిరిన కెప్టెన్ అయినా అది చూసేదాకా విమానాన్ని కదల్చడు. చక్రం దగ్గర ఏం జరుగుతోందో తనకు కనపడదని ఆయనకు తెలుసు. నాకు తెలిసిన వినయం అదే.

ఆ వినయం మీ ఇళ్లలో ఉందా అన్నదే నా బెంగ. డిపార్చర్ గేటు దగ్గర తండ్రి "సర్టిఫికెట్లు చేతిసంచిలో పెట్టుకోరా" అంటాడు. ఫోన్లోంచి తలెత్తకుండా కొడుకు "నీకు తెలీదులే నాన్నా" అంటాడు. ఆయన నోరు అక్కడితో మూతపడుతుంది. ఆ తర్వాత మోకాలి నొప్పి సంగతి కూడా చెప్పడు, ఎప్పుడు ఫోన్ చేసినా "బాగున్నాం" అంటాడు. రేపు పెళ్లయ్యాక ఇదే మాట భార్యతోనో, భర్తతోనో అంటారు. ఇందుకా నాయనా చదువుకున్నది?

ఇక్కడి ముచ్చింతల్‌లో వైష్ణవాచార్యులు రామానుజుల 216 అడుగుల విగ్రహం ముందు సెల్ఫీలు దిగారు కదా! చదువుకున్నవాడి వినయం ఎలా ఉంటుందో ఆయన మేనల్లుడు దాశరథి కథలో తెలుసుకోండి. రామానుజుల గురువుగారి కూతురిని అత్తగారు పుట్టింటి నుంచి పనిమనిషిని తెచ్చుకోమని వేధించిందట. రామానుజులు మహాపండితుడైన దాశరథిని పంపారని వైష్ణవ సంప్రదాయం చెబుతుంది. ఆయన మారుమాట లేకుండా వెళ్లి వంటపని చేశాడు. ఆయనెవరో తెలిశాక ఆ ఇంటివాళ్లే సిగ్గుపడ్డారు. శాస్త్రం వాదించి గెలవగలిగినవాడు, సేవ చేసి ఒక ఆడపిల్ల కాపురం చక్కదిద్దాడు.

అవమానాలు భరించమని నేననడం లేదు. తప్పును తప్పనే అనండి. పూర్తిగా విన్నాక అనండి.

ఇవాళ ఇంటికెళ్లి అమ్మనో నాన్ననో ఒక సలహా అడగండి. వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి, ఫోన్ ముట్టుకోకండి. ఈ పట్టా తెచ్చిపెట్టని మర్యాద మీకు ఆ ఇంట్లో దొరుకుతుంది.