ఆకాశమార్గమున చోదకుడు, యంత్రము

కల్వకుర్తిలో ప్రొద్దు గ్రుంకిన పిమ్మట మేడమీద కూర్చుండి తలయెత్తి చూచినచో, నక్షత్రముల నడుమ దీపమొకటి మినుకుమినుకుమనుచు ఉత్తరమునకు సాగిపోవుట కానవచ్చును. దక్షిణమునుండి శంషాబాదునకు దిగబోవు విమానమది. 2008వ సంవత్సరమున అచ్చట విమానాశ్రయము తెఱచిన నాటినుండి ఈ దృశ్యము మనకు అలవాటైనది. అయినను పిల్లలు అడుగుట మానలేదు: అంత చీకటిలో దానికి త్రోవ యెట్లు తెలియును?

నిజమునకు ఆ సమయమున విమానమును నడుపునది చాలవరకు చోదకుని చేయి కాదు, యంత్రము. దీని పుట్టుక బొంగరములో నున్నది. బొంగరము వేగముగ తిరుగునంతసేపు నిలువుగ నిలుచునే గాని ఒరగదు. ఈ గుణమును ఆధారము చేసికొని అమెరికా దేశీయుడగు లారెన్స్ స్పెర్రీ 1914లో పారిస్ చెంత సీన్ నదిపై రెండు చేతులును పైకెత్తి విమానము నడిపి చూపెను. ఆతని సహాయకుడు రెక్కమీదికి నడచిపోయినను విమానము సరిగనే సాగినది. నేటి ఆటోపైలట్ ఆ యంత్రమునకు మునిమనుమడు. బయలుదేరుటకు ముందే చోదకులు దారిలోని గుఱుతుల పేర్లను కంప్యూటరున కెక్కింతురు. అది ఉపగ్రహములవలనను, నేలమీది రేడియో కేంద్రములవలనను, తనలోని గతిమాపకములవలనను తానున్న చోటు లెక్కగట్టుకొని ఒక గుఱుతునుండి మఱియొక గుఱుతునకు నడిపించును. దానికి నిద్ర రాదు, అలసట లేదు. విమానయానము నేడింత క్షేమకరమగుటకు ఈ యంత్రములు ముఖ్యకారణములలో నొకటి. కనుక వానిని నిందించుట మా యుద్దేశము కాదు.

చిక్కు వేఱొకచోట నున్నది. దానిని గ్రహించుటకు విమానమెక్క నక్కఱలేదు. ఒక వేసవిలో మేము పెండ్లికి బోవుచు, సెల్ ఫోనులోని పటమును నమ్మి కారును ఒక బండ్లబాటకు మరల్చితిమి. పటము కడు ధీమాగ దారి చూపుచునే యున్నది. గొఱ్ఱెల గాచుకొను ఒక ముసలాయన చేయి అడ్డముపెట్టి, "ఎటు వోతున్నరు సార్? ఈ తొవ్వ చేనుకాడిదాన్కనే, ఊరికి వోదు" అన్నాడు. ఆయన లేకున్నచో ముహూర్తము దాటిపోయెడిది. ఆకాశములో అట్టి ముసలాయన యుండడు.

1995 డిసెంబరు 20వ తేదీ రాత్రి, కొలంబియా దేశమున కాలి నగరమునకు దిగబోవుచున్న ఒక బోయింగు విమానములో జరిగిన దిదియే. దగ్గరనున్న 'రోసో' అను రేడియో కేంద్రమునకు పోవలెనని తలచి చోదకులు 'ఆర్' అను ఒక్క అక్షరమును నొక్కిరి. కంప్యూటరు పట్టికలో ఆ యక్షరము బొగోటా చెంతనున్న 'రోమియో' అను వేఱొక కేంద్రమునకు చెందియున్నది. విమానము మాఱుపలుకక ఎడమకు తిరిగినది. తప్పు తెలిసి మరల్చునప్పటికి కొండ యెదురైనది. 163 మందిలో 159 మంది మరణించిరి. యంత్రము చెడలేదు. అది చెప్పినది చేసినది. తలచినది దానికేమి తెలియును?

బెంగుళూరు మనకు మఱింత దగ్గఱ. 1990 ఫిబ్రవరి 14వ తేదీన బొంబాయినుండి వచ్చుచున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి ఎయిర్‌బస్ ఏ-320 విమానము రన్‌వేకు ఇవతలనే, గోల్ఫు మైదానమున కూలినది. 146 మందిలో 92 మంది అసువులు బాసిరి. దిగుటకై పెట్టిన అమరికలో ఇంజనులు కనిష్ఠశక్తితో నుండిపోగా వేగము తగ్గుచు వచ్చెను. ఎత్తు నెంతెంతని యంత్రము బిగ్గఱగా చెప్పుచునే యున్నది. చోదకులు పరిస్థితిని గుర్తించి శక్తి పెంచుటలో ఆలస్యమైనదని విచారణలో తేలినది. యంత్రమే చూచుకొనును అను నమ్మకము ఆ కొద్ది క్షణములను కాజేసిన దని మా యభిప్రాయము.

నల్లమల సంగతి కొంత భిన్నమైనది; అయినను ఈ ప్రాంతమువారికి అది మఱపురాదు. 2009 సెప్టెంబరు 2వ తేదీన ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డి గారు బేగంపేటనుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన హెలికాప్టరు ఆ యడవిలో కూలి, అందున్న ఐదుగురును మరణించిరి. తీవ్రమైన వాన మబ్బులోని అధోవాయువు దానిని నేలకు త్రోసినదని త్యాగి గారి విచారణ సంఘము నిర్ణయించినది. అంతకు ముందు కొన్ని నిమిషములు చోదకుల ధ్యాస నూనె పీడనపు సూచికమీదను, దానికి సంబంధించిన పుటను పుస్తకములో వెదకుటమీదను నిలిచెనని కూడ చెప్పినది. ఇచ్చట ఆటోపైలట్ దోషము లేదు. కాని కన్ను పలకకు అతుక్కొనిపోయినపుడు ఆకాశము ఎంత త్వరగా మఱుగగునో తెలియుచున్నది.

చేతితో నడుపు నేర్పు వాడకున్న మొక్కవోవును. అందుచేతనే 2013లో అమెరికా విమానయాన శాఖ, వీలున్నపుడెల్ల చోదకులచే చేతితో నడిపింపవలసినదిగ విమాన సంస్థలకు సలహా యిచ్చినది.

ఇప్పుడు మఱియొక చిక్కు వచ్చినది. ఉపగ్రహములు ఇరువది వేల కిలోమీటర్లకు పైనుండి పంపు సంకేతము మిక్కిలి బలహీనము. నేలమీదనుండి ఎవరైన అంతకంటె బలముగ దొంగ సంకేతము పంపిన, యంత్రము దానినే నమ్మి లేనిచోట నున్నానని చెప్పును. ఢిల్లీలో ఒక రన్‌వేకు దిగబోవు కొన్ని విమానములకు ఇట్లు జరిగినదనియు, ఇట్టి ఆటంకముల ఫిర్యాదులు హైదరాబాదుతో సహా మఱికొన్ని విమానాశ్రయములనుండి వచ్చినవనియు విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు 2025 డిసెంబరులో రాజ్యసభకు తెలిపిరి. నేలమీది పాత రేడియో సాధనములతో నడచు రన్‌వేలకు బాధ కలుగలేదట. అందుచేత ఆ పాత కేంద్రములను కొన్నింటిని తీసివేయక నిలిపియున్నారు. వానిని వినుచు, గడియారము, దిక్సూచి చూచుకొనుచు తానున్న చోటు చెప్పగల చోదకులును ఇంకను ఉన్నారు. ఈ రాత్రి మన యింటిమీదుగా పోవు విమానములోని ఇద్దఱికిని ఆ లెక్క వచ్చియుండవలెనని మాత్రము మేము కోరుకొనుచున్నాము.