గోదావరి ఒడ్డున ఉప్పునీటి తొట్టి

ఖానాపూరు గోదావరికి చేరువలో ఉన్న పట్టణం. అక్కడినుంచి బంగాళాఖాతపు తీరానికి పటం మీద సూటిగా గీత గీసి కొలిచినా దాదాపు 400 కిలోమీటర్లు ఉంటుంది. నది వంకలు తిరిగి పోయే దారిని లెక్కిస్తే ఇంకా ఎక్కువ. ఆ ఊరి శ్రోత ఒకరు ఇటీవల మాకు ఒక ఉత్తరం వ్రాశారు. ఆరేళ్లుగా ఇంటిలో మంచినీటి చేపలను పెంచుతున్నారట. ఇప్పుడు నూరు లీటర్లు పట్టే గాజుతొట్టిలో సముద్రపు నీరు నింపి, పగడాలను, వాటి నడుమ తిరిగే రంగుచేపలను పోషించాలని ఆయన సంకల్పం. ప్రశ్నలు మూడు వేశారు. గోదావరి నీటిలో అంగడి దొడ్డుప్పు కలిపితే సముద్రజలం కాదా? సామగ్రి దొరకని మా ఊళ్లో పగడం బ్రతుకుతుందా? పట్నంలో ఒక వ్యాపారి ప్రాణమున్న పగడపు ముక్కలను నీళ్ల సంచులలో పెట్టి బస్సులో పంపుతానంటున్నాడు, తెప్పించుకోవచ్చునా?

వ్యాపారికి బయానా ఇవ్వబోతున్నానని ఆయన వ్రాశారు గనుక, మూడవ ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పడం మంచిది. తెప్పించుకోవద్దు. కారణం కొంత దూరం పోయిన తరువాత చెబుతాను. ముందు నీటి సంగతి తేలాలి.

పగడమంటే రాయి అని మన వాడుక. కాని అది జంతువు. మెత్తని చిన్న దేహం, దాని నడుమ ఒక నోరు, నోటి చుట్టూ వ్రేళ్లవంటి కొసలు. శాస్త్రజ్ఞులు దీనిని పాలిప్ అంటారు. నీటిలో కరిగి ఉన్న కాల్షియాన్ని, కార్బనేటును గ్రహించి అది తన క్రింద సున్నపు పీఠం కట్టుకొంటుంది. అటువంటి పీఠాలు వేల ఏళ్లుగా ఒకదానిమీద ఒకటి పేరుకొన్నవే పగడపు దిబ్బలు. దిబ్బలు కట్టే పగడాల శరీరంలో కంటికి ఆనని శైవలాలు కాపురముంటాయి. అవి వెలుతురును పట్టి ఆహారం తయారుచేసుకొని, ఆశ్రయమిచ్చిన జంతువుకు అందులో వాటా పెడతాయి. అందుచేత ఈ పగడాలకు కాంతి చొరబడే తేటనీరు కావాలి. నీటి ఉప్పదనం నిలకడగా ఉండాలి. వేడిమి రమారమి 23 నుంచి 29 డిగ్రీల నడుమ ఉండాలి.

మన గోదావరి ఇందులో మొదటి రెండింటికీ ప్రతికూలం. ఏటేటా వర్షకాలంలో అది ఎర్రని ఒండ్రును, అంతులేని మంచినీటిని సముద్రంలో క్రుమ్మరిస్తుంది. కృష్ణ చేసే పని కూడా అదే. కనుకనే లక్షదీవులలోను, అండమానులలోను, మన్నారు సింధుశాఖలోను, కచ్ సింధుశాఖలోను ఉన్నవంటి పెద్ద దిబ్బలు తెలుగుతీరాన ఏర్పడలేదు. ఖానాపూరు ప్రక్కగా పోయే నీరే దిగువన దిబ్బలను లేకుండా చేస్తున్నదంటే అతిశయోక్తి కాదు. పోనీ, మచిలీపట్నపు బంధువులను అడిగి నాలుగు క్యానుల నీళ్లు తెప్పించుకొందామా అంటే, నదీముఖాలకు దగ్గరి ఒడ్డునీటిలో ఒండ్రు ఉంటుంది, ఊళ్ల మురుగు ఉంటుంది. తీరవాసి కూడా పగడానికి తగిన నీటిని ప్రత్యేకంగా సమకూర్చుకోవలసినవాడే. ఈ విషయంలో మన శ్రోత తాను అనుకొన్నంత వెనుకబడి లేరు.

ఇక దొడ్డుప్పు. ఉప్పు సముద్రం నుంచి వచ్చిందే కదా, తిరిగి నీటిలో వేస్తే సముద్రం ఎందుకు కాదు? ఇది చాలా మంచి ప్రశ్న. చినగంజాం, నౌపడ వంటి చోట్ల ఉప్పుమళ్లలో జరిగే పనిని చూస్తే సమాధానం దొరుకుతుంది. మడిలో సముద్రపు నీరు ఎండకు చిక్కబడుతూ ఉంటే మొదట సున్నపు పదార్థం అడుగున దిగుతుంది. తరువాత జిప్సం దిగుతుంది. ఆ పైన మనం తినే ఉప్పు స్ఫటికాలు కడుతుంది. చివరకు మిగిలిన చేదునీటిలో మెగ్నీషియం లవణాలు ఉంటాయి. దానిని ఉప్పువారు పారబోస్తారు. ఉప్పుకు రుచి రావాలంటే ఆ చేదు పోవలసిందే మరి. అంటే మన వంటింటికి చేరేసరికి ముందు దిగిన కాల్షియమూ, వెనుక పోయిన మెగ్నీషియమూ రెండూ దాదాపుగా లేవు. పగడానికి ముఖ్యంగా కావలసినవి ఆ రెండే.

నిజమైన సముద్రజలంలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో క్లోరైడు 19 గ్రాములకు పైచిలుకు, సోడియం 11 గ్రాములకు కొంచెం తక్కువ, సల్ఫేటు 2.7, మెగ్నీషియం 1.3, కాల్షియం, పొటాషియం చెరి 0.4 గ్రాములు. మిగిలినవి అత్యల్పం. ఛాలెంజర్ అనే నౌక 1872 నుంచి 1876 వరకు లోకమంతా తిరిగి తెచ్చిన నీటిలో 77 నమూనాలను విలియం డిట్మార్ అనే రసాయనవేత్త పరీక్షించి, 1884లో ఫలితాలు ప్రకటించాడు. ఏ మహాసముద్రపు నీరైనా, ఉప్పదనం ఎక్కువైనా తక్కువైనా, ముఖ్యలవణాల పాళ్లు మాత్రం ఇంచుమించు మారవని తేలింది. కృత్రిమ సముద్రజలం చేయడం సాధ్యమైనది ఈ స్థిరత్వం వల్లనే. అయితే ఇంగ్లండులో ఫిలిప్ గాస్ అనే ప్రకృతిశాస్త్రజ్ఞుడు అంతకు ముందే, 1854లో, నాలుగు లవణాలతో అటువంటి నీటిని కలిపి చూచాడు.

ఈనాడు సముద్రలవణాల మిశ్రమం బకెట్లలో అమ్ముతారు. హైదరాబాదు నుంచో చెన్నై నుంచో తెప్పించవలసినదే. అంత దూరపు సరుకును నమ్ముకొని ఎట్లా అని మన శ్రోత బెంగ. లెక్క వేసి చూద్దాం. ఆ మిశ్రమంలో కొంత తేమ కూడా ఉంటుంది కనుక నూరు లీటర్ల తొట్టి నింపడానికి 3 కిలోల 800 గ్రాముల వరకు పడుతుంది. వారానికి పదవవంతు నీరు మార్చినట్లయితే వారానికి 380 గ్రాములు, ఏడాదికి ఇంచుమించు 20 కిలోలు. అంటే ఏడాదికి ఒక పెద్ద బకెట్టు! సంవత్సరానికి ఒకసారి వచ్చే వస్తువును కొరత అనవచ్చునో లేదో ఆయనే నిర్ణయించుకోవాలి. దానిని తడి తగలకుండా మూతపెట్టి దాచడమే అసలు కష్టం. వానకాలపు గాలికి అది గడ్డకడుతుంది.

లవణం కలపడానికి గోదావరి నీరు పనికిరాదు. అందులో ఒండ్రుతో పాటు పొలాల ఎరువు కూడా ఉంటుంది. బోరునీరు కఠినజలం. కుళాయినీటిలో క్లోరిన్ ఉంటుంది. కాని ఇరవై లీటర్ల డబ్బాలలో శుద్ధజలం అమ్మే కేంద్రాలు నేడు చిన్న ఊళ్లలో కూడా వెలిశాయి. ఆ నీటిలో కరిగిన పదార్థమెంత మిగిలి ఉన్నదో కొలిచే కలం వంటి సాధనం తక్కువ ధరకే వస్తుంది. ఒకటి కొని, అంకె సున్నకు దగ్గరగా ఉన్న కేంద్రంలోనే నీరు తీసుకోవాలి. కలిపిన నీటి ఉప్పదనం చూడడానికి హైడ్రోమీటరు చాలు. 25 డిగ్రీల వద్ద విశిష్ట గురుత్వం 1.025, 1.026 చూపాలి.

పరికరాలు లేవన్న దిగులుకు రెండు పాత ఉదాహరణలు చెబుతాను. 1846లో అన్నా థిన్ అనే ఆమె ఇంగ్లండు తీరంలోని టార్కీ నుంచి ప్రాణమున్న పగడాలను ఒక జాడీలో పెట్టుకొని లండను తీసుకొని పోయింది. తీరం నుంచి నీళ్లు తెప్పించడం కష్టమయ్యేసరికి, ఉన్న నీటినే కిటికీ ఎదుట ఒక పాత్ర నుంచి మరొక పాత్రకు ప్రతిదినమూ అరగంటకు పైగా తిరగబోయించేది. పని చేసింది ఆమె పరిచారిక. చరిత్ర యజమానురాలి పేరునే వ్రాసుకొన్నది. మోటారు లేని ఆ రోజులలో గాలిపంపు అదే. రెండవది జకార్తాలో లీ చిన్ ఎంగ్ చేసిన పని. ప్రాణికోటితో నిండిన సముద్రపు రాళ్లు, ఎండ, సన్నని గాలిబుడగలు, ఈ మూడింటితోనే పగడాలను పెంచి 1961లో ఆ పద్ధతిని ప్రకటించాడు. ఆయనకు సముద్రం ఇంటి ముంగిటనే ఉన్నది. మన శ్రోతకు లేదు. అయినా ఆయన గ్రహించిన విషయం ఇక్కడ కూడా పనికివస్తుంది. నీటిని శుభ్రపరిచేవి రాతి రంధ్రాలలో ఉండే సూక్ష్మజీవులు. చేపల విసర్జనంలోని అమ్మోనియా విషం. ఒక తెగ సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, మరొక తెగ నైట్రేటుగాను మారుస్తాయి. ఈ తెగలు స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు తొట్టిలో రాళ్లూ నీళ్లూ తప్ప మరేమీ ఉండకూడదు. ఏ చేపా లేని తొట్టిని నెలన్నర చూస్తూ కూర్చోవడం, పైగా ఇరుగుపొరుగు వారి పరిహాసం సహించడం, సామాన్యమైన పని కాదు. చాలామంది పదవరోజుననే చేపలు వేస్తారు. పదిహేనవరోజున తీసి పారవేస్తారు.

రాతికోసం సున్నపురాయి వాడదామా అని అడగవచ్చును. ఆదిలాబాదు సిమెంటుకు ఆధారమైన సున్నపురాయి, పగడాలు పుట్టక మునుపటి అతిప్రాచీన సముద్రాలలో పేరుకొన్నదే. కాని అది గట్టిపడి, రంధ్రాలు పూడిపోయిన రాయి. సూక్ష్మజీవులకు కాపురానికి చోటు చాలదు. తేలికగా, బోలుబోలుగా ఉండే ఎండురాయిని, లవణంతోపాటే తెప్పించుకోవడం మేలు.

అసలైన పరీక్ష వేసవిలో. మే మాసంలో మన ప్రాంతపు ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. నీరు 30 దాటి కొన్నాళ్లు నిలిచిందంటే పగడం తనలోని శైవలాలను వెళ్లగొట్టి తెల్లబడుతుంది. 1998లోను, 2010లోను, 2016లోను లక్షదీవులలో దిబ్బలకు దిబ్బలే ఇట్లా పాలిపోయాయి. నీటిని చల్లబరిచే యంత్రం ఖరీదు. కాని మన వేసవిగాలిలో తేమ తక్కువ. నీటి ఉపరితలం మీదుగా చిన్న ఫంకా గాలి తగలనిస్తే రెండుమూడు డిగ్రీలు తగ్గుతుంది; కడవలో నీరు చల్లబడే సూత్రమే ఇది. తీరంలోని ఉక్కగాలిలో ఇది ఇంత బాగా సాగదు. తొట్టిని గోడ దళసరిగా ఉన్న లోపలిగదిలో పెడితే మరీ మంచిది.

ఇక్కడ ఒక మెలకువ. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. రోజుకు రెండు లీటర్లు తగ్గినవనుకొందాం. ఆ లోటును ఉప్పునీటితో పూరిస్తే దినానికి 70 గ్రాముల లవణం అదనంగా చేరి, పదిరోజులకు లీటరుకు 35 గ్రాములున్నది 42 అవుతుంది. అందుచేత ఆవిరిలోటుకు ఎప్పుడూ ఉప్పులేని శుద్ధజలమే పోయాలి. ఆ జలంలో సున్నపుతేట కలిపి రాత్రిపూట బొట్లుబొట్లుగా వదిలితే పగడానికి కావలసిన కాల్షియమూ, క్షారతా రెండూ అందుతాయి. రాతిమీద అల్లుకొనే గులాబీరంగు నాచు కోరేదీ అదే. తాంబూలపు సున్నం మాత్రం వద్దు. అందులో ఏవేమి కలిసి ఉంటాయో తెలియదు. కళాశాలల ప్రయోగశాలలకు సరఫరా అయ్యే స్వచ్ఛమైన కాల్షియం హైడ్రాక్సైడు వాడాలి. ఒక్కసారిగా కుమ్మరిస్తే ఆ క్షారమే చేపలను చంపుతుంది. పత్తికి చల్లడానికి ఎరువుల అంగడిలో దొరికే మెగ్నీషియం సల్ఫేటు విషయంలోను స్వచ్ఛతే సందేహం.

కరెంటు పోతే నీటిలో ప్రాణవాయువు తగ్గడం మొదలవుతుంది. బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి ఉంటే ఆ రాత్రి గడుస్తుంది.

ఇప్పుడు బస్సులో రాబోయే పగడం. ఖానాపూరు నుంచి కడెం, జన్నారం వైపు పోతే కవ్వాల్ అడవి. 2012లో అది పెద్దపులుల సంరక్షణ ప్రాంతమయింది. పులిచర్మం ఇంట్లో దొరికితే ఏమవుతుందో అక్కడివారికి ఒకరు చెప్పనక్కరలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆ పులి ఉన్న మొదటి షెడ్యూలులోనే 2001లో దిబ్బలు కట్టే రాతిపగడాలను, నల్లపగడాన్ని, అగ్నిపగడాన్ని, సముద్రపు విసనకర్రలను, సముద్రాశ్వాలను కూడా చేర్చారు. 2022 సవరణ తరువాత కూడా పగడం స్థానం అదే. నేరం రుజువైతే మూడేళ్లకు తగ్గని ఖైదు. విదేశాల నుంచి వచ్చిన సరుకు అంటారా, దానికి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం అనుమతిపత్రాలు ఉండాలి. నీళ్లసంచితో బస్సెక్కే పగడానికి అవి ఉంటాయని నేను అనుకోను. చట్టం మాట అట్లా ఉంచినా, దిబ్బను ఉలితో కొట్టి తీసిన ముక్క అది. కొన్ని జాతులలో అది సంవత్సరానికి పెరిగేది ఒక సెంటీమీటరు కంటె తక్కువ. ఎండలో పన్నెండు గంటల ప్రయాణం తరువాత, స్థిరపడని తొట్టిలో, అది వారం దాటి బ్రతకడం అరుదు. బయానా పోయినా పరవాలేదు, సరుకు మాత్రం దింపుకోవద్దని ఆ శ్రోతకు నా మనవి.

పగడం లేని తొట్టి శోభించదా? శోభిస్తుంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు క్లౌన్ చేపలను తొట్లలోనే గుడ్లు పెట్టించి పిల్లలను పెంచే విధానం సాధించారు. అటువంటి చోట పుట్టిన చేపకు మనిషి వేసే మేత అలవాటే. సముద్రంలో వలవేసి పట్టిన చేప బెదిరి, మేత ముట్టక చస్తుంది. నూరు లీటర్లకు ఒక జంట చాలు. ఆరునెలలలో రాళ్లమీద గులాబీనాచు ప్రాకితే నీరు కుదిరిందని గుర్తు. వారంవారం తీసివేసే పది లీటర్ల ఉప్పునీటిని మాత్రం పెరటిచెట్లకు, పొలంగట్టుకు పోయవద్దు. చౌడు పట్టిన నేల తేరుకోవడానికి ఎంత కాలం పడుతుందో మన రైతులకు తెలుసు. సిమెంటు కాలువలోనే వదలాలి.