యాత్రకు తొలి కెమేరా



నేటి నా విషయము విని కొందరు నవ్వవచ్చును. జపమాల పట్టవలసిన చేతికి కెమేరా యేల యని మా యూరివారును నవ్విరి. కారణము విన్నచో మీరు నన్ను మన్నింతురని నమ్ముచున్నాను.

మా తల్లిగారికి 87 ఏండ్లు. పెండ్లియైన క్రొత్తలో మా తండ్రిగారితో లేపాక్షికి పోయి, వీరభద్రాలయపు మంటపమున పైకప్పు మీది చిత్రములను చూచిరట. ఇప్పుడామె గడప దాటలేరు. "నీవైనను పోయి ఆ బొమ్మలు తెచ్చి చూపరా" అని అడిగిరి. పోయి ఫోనుతో తీసితిని. వెలుపలి యెండలో దాని తెర నా కన్నులకు కనబడలేదు. లోపలి చీకటిలో చేయి వణకెను. ఇంటికి తెచ్చి చూపగా, "ఏమిరా, ఇది బొమ్మా, పొగా?" అనిరి. ఆ మాట నాకు చాల రాత్రులు నిద్ర లేకుండ చేసినది.

మరుసటి పంట ధాన్యపు సొమ్ములో 50,000 రూపాయలు వేరుగా నుంచితిని. కెమేరాకును, రెండవ యాత్రకును, బొమ్మలు అచ్చు వేయించుటకును అంతయు నదియే.

నేను కోరినది డీఎస్‌ఎల్‌ఆర్ అను అద్దపు కెమేరా. కటకము గుండ వచ్చిన వెలుతురును లోపలి యద్దము పైకి మరల్చి కంటికి చూపును. మీట నొక్కగానే అద్దము లేచి, ఆ వెలుతురు వెనుకనున్న పలకపై బడును. కన్ను ఆనించి చూచెదము గనుక ఎంత యెండయైనను బాధ లేదు. ఇప్పుడు పెద్ద కంపెనీలలో పెక్కు అద్దము లేని కెమేరాల వైపు మరలుటచే, వాడిన అద్దపు కెమేరాలు చవుకగా దొరకుచున్నవి. బీదవానికి ఇది మంచి కాలము.

పట్టణపు అంగడిలో మొదట 36 మిల్లీమీటర్ల వెడల్పు పలక గల పెద్ద కెమేరాను చూపిరి. పొడవైన కటకముతో దానిని మెడకు తగిలించుకొని పావుగంట అచ్చటనే నిలిచితిని. మెడయే సమాధానము చెప్పినది! దాని వెలకు నా సొమ్మంతయు చాలదన్నది వేరు సంగతి. మీరును కొనుటకు ముందు ఈ పరీక్ష చేయుడు. అంగడివారు విసుగుకొన్నను సరియే.

తుదకు 2018లో వెలువడిన నికాన్ డి3500ను, వాడినదానిని, 18-55 కటకముతో సహా 26,000కు కొంటిని. పలక వెడల్పు ఇంచుమించు 24 మిల్లీమీటర్లు. బ్యాటరీ, కార్డులతో కెమేరా బరువు 415 గ్రాములు. ఒక్క చార్జికి 1,550 బొమ్మలు వచ్చునని కంపెనీవారి లెక్క.

వాడినదానిని కొనువారు ఎద్దును కొనునట్లు పండ్లు చూచి కొనవలెను. ఎన్నిమారులు మీట నొక్కబడెనో ఆ లెక్క బొమ్మతోపాటు నమోదగును. అడిగి తీయించి చూడుడు. కటకపు రంధ్రమును మిక్కిలి చిన్నది చేసి తెల్లని గోడను తీసినచో, పలకపై దుమ్ము మచ్చలై కనబడును. కటకము నొకవైపునుండి టార్చితో చూచినచో సాలెగూటివంటి బూజు బయటపడును. మా కృష్ణాతీరపు తేమలో ఈ బూజు పెద్ద శత్రువు. తోలుసంచిలో దాచరాదు, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లముతో నుంచవలెను.

ఇక అసలు సంగతి కటకము. ఆ 18-55 పూర్తిగా చాచినపుడు దాని కిటికీ 5.6 కొలత, అంకె పెరిగిన కొలది కిటికీ చిన్నది. 35 మిల్లీమీటర్ల 1.8 కటకము దానికి దాదాపు పదిరెట్లు వెలుతురును లోనికి విడుచును. చీకటి మంటపమునకు కావలసినది అదియే. ఒక అంగడిలో ఇంతకంటె చవుకయని పాత 50 మిల్లీమీటర్ల కటకము నంటగట్టబోయిరి. డి3500లో కటకమును త్రిప్పు మోటారు లేదు. మోటారు కటకములోనే యుండవలెను. ఆ పాతదానిలో లేదు. చేతితో త్రిప్పి స్పష్టత తెచ్చుకొనుట నా కంటికి అసాధ్యము. తిరిగి ఇచ్చివేసి, మోటారు గల 35ను 9,000కు కొంటిని. మిగిలినవి 15,000, రైలునకును, బసకును, అచ్చునకును చాలినవి.

లేపాక్షిలో ముక్కాలిపీటకు పురావస్తుశాఖ అనుమతి కావలెను గనుక కొనిపోలేదు. ఫ్లాషు వెలిగింపలేదు. నేలపై తుండు పరచి వెల్లకిల పండుకొని, మోచేతులను ప్రక్కలకు బిగించి, పార్వతీకల్యాణమును తీసితిని. యాత్రికులు నన్ను దాటుచు పోయిరి. ఒక చిన్నవాడు తానును నా ప్రక్కన పండుకొనెను.

అచ్చు వేయించిన బొమ్మను మా తల్లిగారు కిటికీ దగ్గర పెట్టుకొని చాలసేపు చూచిరి. "అప్పుడు ఈ యెరుపు ఇంకను ముదురుగా నుండెడిది" అనిరి. మరికొంతసేపటికి, "మీ నాన్న ఇట్లే పైకి చూచుచు నడచి, స్తంభమునకు తల కొట్టుకొన్నారురా" అని నవ్విరి.