చక్రం బాగుచేయడం మనకూ రావాలి
(మెదక్‌లో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఆడపిల్ల సైకిల్ తొక్కడం గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. 1991లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమం ఆడవాళ్లకు సైకిల్ నేర్పింది. కలెక్టర్ షీలారాణి చుంకత్ అండగా నిలిచారు. క్వారీ కూలీలు, ఊళ్లు తిరిగే నర్సులు వేల సంఖ్యలో రోడ్డెక్కారు. 2006లో బీహార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ కోసం డబ్బిచ్చే పథకం పెట్టింది. మంచిదే. మరి ఆ చక్రం ఆగిపోయిన రోజు?

మన మెదక్ చుట్టుపక్కల పల్లెదారుల్లో తుమ్మముళ్లకు కొదవ లేదు. పంక్చర్ దుకాణమేమో రోడ్డు మీద, నలుగురు మగవాళ్లు కూర్చునే చోట ఉంటుంది. అక్కడికి పిల్లను ఒంటరిగా పంపరు. అన్నకు తీరిక దొరికేదాకా సైకిల్ గోడకు ఆని ఉంటుంది. వారం గడిస్తే వారం బడి పోయినట్టే. "ఇక మానేయరాదూ" అనే మాట ఇంట్లో అక్కడే పుడుతుంది.

ఇదేం బ్రహ్మవిద్య కాదు. ట్యూబు తీసి, గాలి కొట్టి నీళ్లలో ముంచితే బుడగలొచ్చే చోటే చిల్లు. తుడిచి, ఆరనిచ్చి, ఉప్పుకాగితంతో గీకి, సొల్యూషన్ రాయాలి. అది కాస్త ఆరాకే రబ్బరు ముక్క అంటించాలి, తడి మీద నిలవదు. ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపల వేళ్లతో మెల్లగా తడమండి. ముల్లు అక్కడే ఉండిపోతే ఇల్లు చేరేలోపే మళ్లీ పంక్చర్. ఒక్కోసారి చిల్లే ఉండదు. వాల్వు మీది రబ్బరు, మనం వాల్‌ట్యూబు అంటామే, అది పగిలి గాలి పోతుంది. దానికీ పంక్చర్ డబ్బులు కట్టి వచ్చినవాళ్లు మనలో ఎంతమందో!

బెండు తీయడానికి మాత్రం ఓపిక కావాలి. సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి, చక్రం తిప్పుతూ ఫోర్కుకు ఆనించి సుద్దముక్క పట్టుకోండి. రిమ్ము కుడికి ఒరిగి సుద్ద తగిలిన చోట ఎడమవైపు పుల్లలు బిగించాలి, కుడివైపువి వదులు చేయాలి. ఒకసారికి పావు చుట్టే. మామూలు పెద్ద సైకిల్‌కు ముందు 32, వెనక 40 పుల్లలుంటాయి. ఒకటి తెగితే ఆ బరువు పక్కవాటి మీద పడుతుంది, వదిలేస్తే అవీ తెగుతాయి. కుట్టుమిషన్‌లో దారం బిగువు సరిచేసే చేతులకు ఇది రాదని ఎవరన్నారు?

శిక్షణ అనగానే మనకు కుట్లు, అల్లికలు, అప్పడాలే ఎందుకు చూపిస్తారు? ప్రతి హైస్కూల్లో ఒక పంపు, ఒక పనిముట్ల పెట్టె ఉండాలని, ఆ పెట్టె తాళంచెవి ఆడపిల్లల దగ్గర ఉండాలని హెడ్మాస్టర్లను అడుగుదాం. ఇక్కడ రెండు చక్రాలు విప్పి పెట్టాం. చున్నీలు, కొంగులు నడుముకు బిగించి ముందుకు రండి.