గ్రంథాలయ యంత్రములు – మన ఉత్తరముల భద్రత

(రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సభలో ప్రాచీన నాటకములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. మా తండ్రిగారు ఈ గ్రామ కరణము. 1984లో ఆ ఉద్యోగములు రద్దయిన పిదప మా యింట మిగిలినవి కలమును, లెక్కల అలవాటును మాత్రమే. నేను సహకార సంఘమున లెక్కలు వ్రాసికొనుచు, ఈ గ్రంథాలయము తెరచిన నాటినుండి సాయంకాలములందు ఇచ్చటి టీకాతాత్పర్యముల సాయమున కొన్ని కావ్యములు చదువుకొన్నవాడను. నాటకమును గూర్చి చెప్పెదను. దానికి ముందు నా తప్పు నొకదానిని చెప్పవలసియున్నది. అది యీ గదిలోనే జరిగినది.

గత వేసవిలో ఇచ్చటి కంప్యూటరులో నా జీమెయిలు తెరచి, పంటల బీమా కాగితమొకటి అచ్చు తీసికొంటిని. పాస్‌వర్డు దాచవలెనా యని యంత్రమడిగినది. తొందరలో సరేయని నొక్కితిని. పని ముగియగానే ఆ పుటను మూసి యింటికి పోతిని. పుట మూసినచో పెట్టె మూసినట్లే యని నా నమ్మకము. ఆ వారమే నగరమునుండి మా అమ్మాయి వ్రాసినది. తన ఉద్యోగము పోయినదనియు, మరియొకటి దొరకువరకు అమ్మకు చెప్పవద్దనియు ఆ ఉత్తరము. నాలుగవనాడు మా యింటావిడ కోవెలలో ఎవరో పరామర్శింపగా విని వచ్చి, “ఊరందరికి తెలిసిన సంగతి నాకెందుకు చెప్పలేదండీ?” యని యడిగినది. నా యొద్ద సమాధానము లేదు. అమ్మాయికి ఏమి చెప్పుకొనవలెనో అంతకంటెను తెలియలేదు.

చదివినవారెవరని నేను విచారింపలేదు. తలుపు తీసి పోయినవాడను నేను. సంఘపు ఇనుప పెట్టె తాళపుచెవిని మొలత్రాటికి కట్టుకొని తిరిగిన మనుష్యుడను, కూతురు నన్ను నమ్మి వ్రాసిన మాటను మాత్రము నడివీధిలో పెట్టితిని.

ఇక నాటకము. విశాఖదత్తుని ముద్రారాక్షసము మీలో కొందరు చదివియే యుందురు. అమాత్య రాక్షసుడు కుసుమపురమును విడిచిపోవుచు తన కుటుంబమును చందనదాసుని యింట దాచెను. ఒకనాడు పసివాడొకడు వాకిటికి పరుగెత్తగా, వానిని లోనికి లాగిన యిల్లాలి వ్రేలినుండి రాక్షసుని ముద్రిక జారి, చాణక్యుని చారుని పాదముల చెంతకు దొర్లెను. చాణక్యుడు ఆ ముద్రికతోనే ఒక కపట లేఖకు ముద్ర వేయించి, రాక్షసుని, అతని మిత్రుడైన మలయకేతుని విడదీసెను. ఆ యిల్లాలు ఎవరికిని ద్రోహము తలపెట్టలేదు. ఉంగరము జారిన సంగతియే ఆమె యెరుగదు. మన ఈ-ఉత్తరముల పెట్టెయు నట్టి ముద్రికయే. బ్యాంకు పాస్‌వర్డు మరచితిమన్నచో క్రొత్తది పెట్టుకొనుటకు దారి తరచుగా ఆ పెట్టెకే వచ్చును. అది చేజిక్కినవానికి తక్కిన తాళపుచెవులు దొరకుట కష్టము గాదు.

ఈ యంత్రములు మనలనెట్లు గుర్తుంచుకొనునో తెలిసికొనుట అవసరము. 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బటో బృందము ఒకే కంప్యూటరును పలువురు ఏకకాలమున వాడుకొను ఏర్పాటు చేసినది. ఒకరి కాగితములు వేరొకరు చూడకుండుటకై అందు పాస్‌వర్డు పెట్టిరి. అనగా, ఒక యంత్రమునకు పలువురు యజమానులున్న చోట పుట్టిన కట్టుబాటు ఇది. తరువాత 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మొంటుల్లి అనునతడు కుకీ యను చిన్న గుర్తును కల్పించెను. కోవెల వద్ద చెప్పులు విడిచి బిళ్ల తీసికొందుము గదా! బిళ్ల చూపినవానికి చెప్పులిత్తురు, పేరు అడుగరు. కుకీయు నట్టిదే. మనము లేచిపోయినను బిళ్ల ఆ కంప్యూటరులోనే యుండును. ఒక యంత్రమునకు ఒకడే యజమాని యైనచో ఇది సౌకర్యము. పదిమంది కూర్చుండు చోట ఇది అపాయము.

కావున మూయవలసిన తలుపులు మూడు. మొదటిది ఆ బిళ్ల. పుట మూయుట చాలదు. పై మూలనున్న మన గుర్తును నొక్కి ‘సైన్ అవుట్’ చేయవలెను. ‘స్టే సైన్‌డ్ ఇన్’ యని గాని, ఈ యంత్రమున మరల అడుగవద్దని గాని యున్న గడులలో టిక్కు పెట్టరాదు. రెండవది దాచిన పాస్‌వర్డు. సైన్ అవుట్ చేసినను ఇది మిగిలియుండి, తరువాత వచ్చినవానికి తలుపు తీయును. క్రోము సెట్టింగులలో పాస్‌వర్డ్ మేనేజరునకు పోయి, మన పేర దాచినదానిని తొలగించి, తనంతట సైన్ ఇన్ అగుటను, పాస్‌వర్డు దాతునని అడుగుటను ఆపివేయవలెను. మూడవది టాబ్లెట్టు. ఆండ్రాయిడు టాబ్లెట్టులో ఖాతా ఆ పరికరమునకే అంటుకొనియుండును. సెట్టింగులలో ఖాతాల జాబితాకు పోయి దానిని తీసివేయవలెను. తీసివేసినచో ఉత్తరములన్నియు నశించునని కొందరి భయము. అట్లు కాదు; జీమెయిలులోనివి గూగులు వద్ద భద్రముగా నుండును, ఈ పరికరమునుండి మాత్రమే తొలగును.

ఇంటికి పోయిన పిదప జ్ఞప్తికి వచ్చినను నిరాశ వలదు. తన ఫోనులో గూగులు ఖాతా తెరచి, భద్రతా విభాగమున ‘మీ పరికరములు’ అను చోట గ్రంథాలయపు యంత్రమును గుర్తించి, అక్కడనుండియే సైన్ అవుట్ చేయవచ్చును. పాస్‌వర్డును కూడ మార్చుట మేలు. నేను నాలుగు దినములు ఆలస్యముగా ఈ విద్య నేర్చితిని.

వృద్ధులకు పాస్‌వర్డు జ్ఞాపకముండదని మిత్రులొకరు నాతో వాదించిరి. నిజమే. దుష్యంతుడిచ్చిన ఉంగరము నీటిలో జారినందున శకుంతల పడిన పాట్లు ఎరుగనివారెవరు? గుర్తు పోవుటయు కష్టమే. అట్టివారు పాస్‌వర్డును చిన్న పుస్తకమున వ్రాసి, ఇంట దస్తావేజులతోపాటు దాచుకొనవచ్చును. తనకొక్కనికే చెంది, తాళమున్న ఫోనులో ఉత్తరముల పెట్టెను తెరచియే యుంచుకొన్నను పెద్ద దోషము లేదు. నేను చెప్పునది పదిమంది వాడు యంత్రములను గూర్చి మాత్రమే.

కార్యవర్గమువారికి నా విన్నపమొకటి. ఇచ్చటి కంప్యూటర్లలో క్రోమును గెస్ట్ మోడ్‌లో తెరచు పద్ధతి పెట్టుడు. అందు కిటికీలన్నియు మూయగనే బిళ్లలు తొలగిపోవును. పుస్తకము తీసికొన్నవారి సంతకమును లేఖరి సరిచూచునట్లే, యంత్రము వద్దనుండి లేచువారిని “సైన్ అవుట్ చేసితిరా?” యని అడుగుట ఆచారమగు గాక. ఈ గ్రంథాలయమునకు మనము నమ్మకముతో వచ్చుచున్నాము. ఆ నమ్మకము కూడ దాని ఆస్తిలో చేరినదే.

అమ్మాయికి తరువాత మరియొక ఉద్యోగము దొరకినది. నన్ను ఒక్క మాటయు అనలేదు. ఐనను ఇప్పుడు ఆమె నాకు వ్రాయు ఉత్తరములు మునుపటికంటె పొట్టివి. లెక్కలలో పొరపాటును ఎర్రసిరాతో దిద్దవచ్చును. దీనిని దిద్దుటకు నాకు సిరా దొరకలేదు. మీలో ఎవరికిని ఆ వెదకులాట పట్టకుండవలెనని కోరి విరమించుచున్నాను.